నడిచే నీడ, నిలిచిన నీడ

మదరసాలో నమాజు వేళల పాఠం చెప్పేటప్పుడు మేము గడియారంతో ప్రారంభించము. ఆవరణలో ఒక కర్రను నిలువుగా పాతించి, దాని నీడను గమనించమని విద్యార్థులకు చెబుతాము. ఉదయం పడమటి దిక్కుకు పొడవుగా సాగిన నీడ క్రమంగా కుంచించుకుపోయి మిట్టమధ్యాహ్నానికి అతి పొట్టిదవుతుంది. పిదప తూర్పుకు మళ్లి మరల సాగుతుంది. అలా మళ్లడంతోనే జుహ్ర్ వేళ మొదలవుతుంది. మధ్యాహ్నపు అసలు నీడను మినహాయించి కర్ర నీడ కర్రకు రెండింతలయినప్పుడు హనఫీ మస్లక్ ప్రకారం అస్ర్ ప్రవేశిస్తుంది. ఇతర ఇమాముల దృష్టిలో అది కర్రంత పొడవైతే చాలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలున్న అక్షాంశాన ఏటా మే నెలలో ఒక రోజు, ఆగస్టులో ఒక రోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ నిమిషాన కర్రకు నీడే ఉండదు. అంతలోనే మరల పుడుతుంది. నీడ నడకే విశ్వాసికి కాలం నడక.

దివ్యఖుర్ఆన్ ఫుర్ఖాన్ సూరా 45వ ఆయతులో అల్లాహ్ తాను నీడను ఏవిధంగా విస్తరింపజేస్తున్నాడో చూడమని మనలను ఆహ్వానించాడు. తాను తలచుకుంటే దానిని కదలకుండా నిలిపివేసి ఉండేవాడినని కూడా తెలియజేశాడు. ఆయన అలా నిలపలేదు. నీడను నడవనిచ్చాడు. అందువల్లనే మనకు ఉదయమూ సాయంత్రమూ ఉన్నాయి. పని చేయడానికి, ఆరాధించడానికి, తౌబా చేసుకోవడానికి గడువు ఉన్నది.

1839వ సంవత్సరంలో ఐరోపాలో ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడయింది. దానిని కనుగొన్నవారిలో ఒకరైన ఇంగ్లండు దేశస్థుడు టాల్బాట్ తన విధానాన్ని నీడను స్థిరపరచే కళగా అభివర్ణించాడు. అల్లాహ్ నడవనిచ్చిన నీడను మానవుడు కాగితంపై నిలిపాడన్నమాట. నేడు ఆ పరికరం మన ప్రతి ఒక్కరి జేబులో ఉన్నది. అది కాలాన్ని గురించిన మన అనుభవాన్ని ఏ విధంగా మార్చింది? నిలిచిన నీడను చూస్తూ నడిచే నీడను మరచిపోతున్నామా? ఈ వ్యాసంలో మేము ఆలోచించదలచినది ఈ ప్రశ్ననే.

చిత్రపు కాలం వేరు, మన కాలం వేరు

ఈ విద్యకు పునాది వేసినవారిలో మన పండితుడు కూడా ఉన్నాడు. 965వ సంవత్సర ప్రాంతంలో బస్రాలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో మరణించిన ఇబ్నుల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’ గ్రంథంలో, వెలుగు వస్తువుల నుండి కంటిలోకి ప్రవేశించడం వల్లనే మనకు చూపు కలుగుతున్నదని నిరూపించాడు. చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగును పరిశీలించాడు. గ్రహణ సమయంలో సూర్యబింబం ఆకారాన్ని ఆ విధంగానే అధ్యయనం చేశాడు. అయితే ఆయన గదిలోని బింబం వెలుగుతో పాటు వచ్చి వెలుగుతో పాటే వెళ్లిపోయేది. దానిని పట్టి ఉంచడానికి మరి ఎనిమిది శతాబ్దాలు పట్టింది.

ఫ్రాన్సు దేశస్థుడు నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి కిటికీ నుండి తీసిన చిత్రం నేటికీ నిలిచి ఉన్న తొలి కెమెరా చిత్రంగా ప్రసిద్ధి పొందినది. దానికి గంటల తరబడి వెలుగు పట్టింది. ఆలోగా సూర్యుడు ఆకాశంలో ఒక వైపు నుండి మరొక వైపుకు జరిగాడు. ఫలితంగా ఆ చిత్రంలో ఎదురెదురు గోడలు రెండింటిపైనా ఎండ కనిపిస్తుంది. అటువంటి గడియను ఏ మనిషీ చూసి ఉండడు. ఉదయాన్నీ సాయంత్రాన్నీ కలిపి ఒకే రేకుపై పరచిన కాలమది.

1838లో డాగేర్ పారిస్ నగరంలోని ఒక వీధిని చిత్రించాడు. జనంతో, బండ్లతో రద్దీగా ఉండే వీధి అది. అయినా చిత్రంలో నిర్మానుష్యంగా కనిపిస్తుంది. వెలుగు కొన్ని నిమిషాలు పట్టడం వల్ల కదిలిన వారెవరూ అందులో నమోదు కాలేదు. బూట్లు తుడిపించుకుంటూ నిలబడిన ఒక వ్యక్తి మాత్రం మిగిలాడు. పనిమీద వెళ్తున్న కూలీలు, బిడ్డ చేయి పట్టుకొని నడుస్తున్న తల్లులు ఉండి ఉంటారు. చిత్రం దృష్టిలో వారు లేరు.

నాటికీ నేటికీ పరికరం ఎంతగా మారినా ఈ గుణం మారలేదు. అప్పుడు అది కదిలేవారిని విడిచిపెట్టింది. ఇప్పుడు సెకనులో నూరవ వంతును పట్టుకొని, దానికి ముందూ వెనుకా ఉన్న దినమంతటినీ విడిచిపెడుతున్నది. చిత్రంలో ఉన్నది సత్యమే కావచ్చును. కానీ అది కాలం కాదు, కాలం నుండి తెంచిన ఒక ఆకు మాత్రమే.

ముసవ్విర్ జంగ్ నుండి ముంగిట్లోని ఫోను వరకు

మన హైదరాబాదు రాజ్యంలో ఈ విద్యకు పేరు తెచ్చినవాడు మీరట్ సమీపంలోని సర్ధానాలో 1844లో జన్మించిన లాలా దీన్ దయాళ్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, 1894లో ‘ముసవ్విర్ జంగ్’ బిరుదుతో సత్కరించాడు. 1892లో ఆయన హైదరాబాదులో పరదా పాటించే స్త్రీల కొరకు ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పాడు; అందులో చిత్రాలు తీసే బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ముసవ్విర్ అనగా రూపమిచ్చేవాడు. హష్ర్ సూరా చివరి ఆయతులో అల్లాహ్ శుభనామాలలో ఒకటిగా ఈ పదమే వచ్చినది. మనిషి ఇచ్చేది ఉన్న రూపానికి నకలు. తల్లి గర్భంలో లేని రూపాన్ని ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే.

ఆ రోజులలో చిత్రం నవాబులకు, సంస్థానాధీశులకు అందుబాటులో ఉన్న వైభవం. గద్వాల కోటలోనో, వనపర్తి రాజప్రాసాదంలోనో ఉండేవారి ముఖాలు కాగితానికెక్కాయి. కోట వెలుపల మగ్గం నేసినవారివి, మడి దున్నినవారివి ఎక్కలేదు. తరువాతి తరాలలో బజారు వీధిలో స్టూడియో వెలసింది. నికాహ్ తర్వాత ఒకసారి, పాస్‌పోర్టు కొరకు ఒకసారి, హజ్ దరఖాస్తుకు ఒకసారి మనిషి అక్కడికి వెళ్లేవాడు. జీవితమంతటికీ నాలుగైదు చిత్రాలు. ముప్పై ఆరు ఫొటోల రీలును ఎంతో ఆలోచించి వాడేవారు. కడిగించి తెచ్చుకునే వరకు ఎదురుచూసేవారు. ఇంట్లో ఇనుప పెట్టె అడుగున, ఇంటి దస్తావేజుల మధ్య ఆ ఫొటో ఉండేది. దానిని తీసి చూసినప్పుడల్లా ఎన్నేళ్లు గడిచాయో తెలిసివచ్చేది.

ఇప్పుడు ఒక అఖీఖా విందులోనే వందలాది చిత్రాలు పుడుతున్నాయి. వాటిని తిరిగి చూసేవారు అరుదు. నాలుగు చిత్రాలున్న మనిషికి ఒక్కొక్క చిత్రం ఒక మైలురాయి. నాలుగు వేల చిత్రాలున్న మనిషికి అవి దారి పొడవునా పరచిన కంకర. కంకరను చూసి ఎంత దూరం వచ్చామో ఎవరూ చెప్పలేరు.

ధర్మవేత్తల మాట

ప్రాణుల చిత్రాల విషయంలో హదీసులలో కఠినమైన హెచ్చరికలున్నాయి. కెమెరాతో తీసిన చిత్రం ఆ కోవకు చెందుతుందా అన్న దానిపై ఉలమాలలో భేదాభిప్రాయం ఉన్నది. మన ఉపఖండపు పెద్దలలో పలువురు గుర్తింపు పత్రాలు, ప్రయాణాల వంటి అవసరాల మేరకే దానిని అనుమతించారు. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ వంటివారు, ఇది కొత్త రూపాన్ని సృష్టించడం కాదనీ, అద్దంలో పడినటువంటి నీడను పట్టి ఉంచడమేననీ భావించి సమ్మతించారు. పాఠకులు తమకు విశ్వాసపాత్రులైన పండితులను అడిగి నడచుకొందురు గాక. అనుమతించినవారు కూడా నగ్నత్వాన్ని, ఆరాధనాభావాన్ని, ప్రదర్శనా కాంక్షను, సమయ దుర్వినియోగాన్ని అనుమతించలేదని మాత్రం గుర్తుంచుకోవాలి. మన చర్చ ఈ చివరి విషయానికి సంబంధించినది.

తేదీ లేని చంద్రవంక

చిత్రానికి తనదైన కాలం లేదన్న సంగతి ప్రతి రమజాన్ ఇరవై తొమ్మిదో సాయంత్రం మనకు తెలిసివస్తుంది. మగ్రిబ్ కాకముందే ఫోన్లలోకి నెలవంక చిత్రాలు వచ్చిపడతాయి. అవి ఏ ఊరివి? ఏ సంవత్సరానివి? చిత్రం చెప్పదు. అందుకే చాంద్ నిర్ణయానికి పెద్దలు చూసిన మనుషుల సాక్ష్యాన్ని అడుగుతారు. సాక్షి తాను ఎక్కడ నిలబడి, ఏ దిక్కున, ఏ వేళ చూశాడో చెప్పగలడు. అబద్ధమాడితే అల్లాహ్ ముందు జవాబు చెప్పవలసినవాడు. వానాకాలంలో జూరాల గేట్లు ఎత్తిన పాత చిత్రాలు నేటి వరదగా తిరిగినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. నదీతీరంలోని కుటుంబం భయపడుతుంది, చిత్రానికి మాత్రం ఏ బాధ్యతా లేదు. వచ్చిన వార్తను నిర్ధారించుకోమన్న హుజురాత్ సూరా ఆదేశం చిత్రాలకూ వర్తిస్తుంది.

చిత్రం లేని ఊర్లు

కృష్ణానదిపై శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980-81 ప్రాంతంలో, నాటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో దాదాపు నూరు గ్రామాలు ఖాళీ అయ్యాయి. నేటి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాల నదీతీరంలో ఆ ముంపు గాయం ఇంకా ఉన్నది. కూడవెల్లి సంగమేశ్వరాలయం వంటి ప్రాచీన కట్టడాలను రాయి రాయికీ గుర్తువేసి విప్పి, అలంపూర్ వంటి చోట్ల తిరిగి నిలబెట్టారు. సామాన్యుల ఇండ్లకు ఆ భాగ్యం లేదు. పొలాలు, చింతచెట్లు, బావులు, మసీదులు, తాతముత్తాతలు నిద్రిస్తున్న ఖబ్రస్తానులు నీటి కిందికి పోయాయి. వాటిలో అత్యధికం ఒక్క ఫొటో కూడా మిగల్చకుండానే పోయాయి.

అయినా ఆ ఊర్ల నుండి వచ్చిన పెద్దలను అడిగి చూడండి. వారికి సంవత్సరాల లెక్క ముంపుకు ముందు, ముంపుకు తర్వాత అని రెండు భాగాలు. ఎవరి ఇల్లు ఎవరి ఇంటికి ఆనుకొని ఉండేదో, ఏ చెట్టు నీడన పంచాయితీ జరిగేదో, ఈద్‌గాహ్‌కు ఏ బాటన నడిచేవారో వరుసగా చెబుతారు. వారి జ్ఞాపకంలో ఊరు నిలిచిపోయిన బొమ్మ కాదు. అందులో తెల్లవారుతుంది, పశువులు ఇంటికి వస్తాయి, అజాన్ వినబడుతుంది. ఎండకాలం నీరు తగ్గినప్పుడు మొండిగోడలు తేలుతాయి. చూడవచ్చిన యువకుడు నాలుగు చిత్రాలు తీసుకొని పది నిమిషాలలో వెనుదిరుగుతాడు. ఆ నేలపై నడిచిన వృద్ధునికి అక్కడ గంటసేపు కూర్చున్నా చాలదు.

మేము చిత్రాలు అక్కరలేదని అనడం లేదు. ఆ ఊర్లకు పదేసి చిత్రాలున్నా వారి మనుమలకు ఎంతో మేలు కలిగేది. కానీ చిత్రం లేనంత మాత్రాన ఆ కాలం నశించిపోలేదు. ప్రళయదినాన భూమి తన సమాచారాలన్నిటినీ వెల్లడిస్తుందని జిల్జాల్ సూరా తెలియజేస్తున్నది. నీటి కింద ఉన్న ఆ నేల కూడా తనపై మోపిన ప్రతి సజ్దాను అప్పగిస్తుంది. దానికి ఏ కెమెరా అవసరం లేదు.

ఫొటోలో పెరిగే బిడ్డ

ఈ ప్రాంతంలో కాలానుభవాన్ని చిత్రం మార్చివేసిన మరొక చోటు వలస కుటుంబం. పాలమూరు లేబరు అన్న పేరు దేశమంతటా వినబడినదే. గుంపు మేస్త్రీ వెంట ఆనకట్టల పనులకు, మట్టి పనులకు వెళ్లినవారు. హైదరాబాదు, ముంబయి, పూణె నగరాలలో కట్టుబడి పనులు చేస్తున్నవారు. గల్ఫ్ దేశాలలో ఉన్నవారు. ఇటువంటి ఇండ్లు మన పాఠకులలోనూ ఉన్నాయి.

ఇంట్లో ఉన్న తల్లికి బిడ్డ రోజూ కొద్దికొద్దిగా పెరుగుతాడు. పెరుగుతున్నట్టు ఆమెకు తెలియదు. దూరాన ఉన్న తండ్రికి బిడ్డ ఫొటోలలో పెరుగుతాడు. అనగా పెరగడు, ఒక్కొక్క ఫొటోకూ మారిపోతాడు. మొన్న పాకినవాడు నేడు బడి దుస్తులలో నిలబడి ఉంటాడు. మధ్య కాలం ఏమయింది? గుహవాసుల వృత్తాంతం ఇక్కడ మనకు స్ఫురిస్తుంది. వారు మూడు వందల తొమ్మిదేళ్లు నిద్రించి లేచి, ఒక దినమో దానిలో కొంత భాగమో గడిచిందనుకున్నారు. ఆహారం కొనడానికి వెండి నాణెంతో ఒకరిని పట్టణానికి పంపారు. ఆ నాణెం పాతదైపోయిన సంగతి అప్పుడు బయటపడిందని వ్యాఖ్యాతలు రాశారు. తండ్రి పర్సులోని పాత ఫొటో కూడా ఆ నాణెం వంటిదే. సెలవుపై ఇంటికి వచ్చి బిడ్డను పిలిచినప్పుడు, ఫొటోలోని ముఖం వయసు ముగిసిపోయిందని తెలుస్తుంది.

ఈ కుటుంబాలకు ఫోను ఒక వరమే. ఒకనాడు ఉత్తరం వచ్చే వరకు క్షేమం తెలియని భార్యలు ఇప్పుడు భర్త ముఖం చూసి మాట్లాడుతున్నారు. అయితే చూడడంతో సరిపుచ్చుకోరాదు. బిడ్డ కొత్త చొక్కా చిత్రం పంపడం సులభం. బిడ్డ నేడు ఏ సూరా కంఠస్థం చేశాడో అబ్బాకు వినిపించడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ పదిహేను నిమిషాలే తండ్రీబిడ్డలు కలిసి గడిపిన కాలం. చిత్రం ముఖాన్ని చేరవేస్తుంది. కాలాన్ని మనమే ఇవ్వాలి.

తీయడంలో తప్పిపోయేది

అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయపు మనోవిజ్ఞాన పరిశోధకురాలు లిండా హెంకెల్ 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరిని ఒక మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఫొటో తీయమనీ, మరికొన్నింటిని కేవలం చూడమనీ చెప్పారు. మరునాడు పరీక్షించగా, ఫొటో తీసిన వస్తువుల కంటె కన్నులారా చూసిన వస్తువులే వారికి బాగా గుర్తున్నాయి. అయితే వస్తువులోని ఒక భాగాన్ని శ్రద్ధగా దగ్గరకు తెచ్చి తీసినవారిలో ఈ లోపం కనిపించలేదు. అనగా దోషం పరికరానిది కాదు. గుర్తుపెట్టుకునే పనిని పరికరానికి అప్పగించి మనసు తప్పుకోవడానిది.

మన ఇండ్లలో ఇది ఏ విధంగా జరుగుతున్నదో ఆలోచించండి. నికాహ్ ఖుత్బా చదువుతుండగా పెండ్లికుమారుని చుట్టూ ఫోన్లు లేస్తాయి. ఖుత్బాలో ఏమి చెప్పారని తరువాత అడిగితే జవాబు ఉండదు. నలభై ఏండ్లు పైసా పైసా కూడబెట్టి హరమ్‌కు చేరిన వృద్ధుడు, కాబా తొలిసారి కనబడినప్పుడు దుఆకు చేతులెత్తక ఫోను ఎత్తుతాడు. 1861లో మదీనాను, 1880లో మక్కాను ఈజిప్టు సైనికాధికారి సాదిఖ్ బే తొలిసారిగా ఫొటో తీశాడు. అవి లోకానికి అమూల్యమైనవి. నేడు కాబా చిత్రాలకు కొదువ లేదు. ఆ వృద్ధుని తొలి దుఆకు మాత్రం మరొక నకలు లేదు.

అన్నిటికంటె బాధాకరమైనది మరణశయ్య. చివరి ఘడియలలో ఉన్న నానీ చెవిలో కలిమా పలకవలసిన మనుమడు వీడియో తీస్తుంటాడు. పిదప అందరికీ చూపించవచ్చునని అతని ఉద్దేశం. అతడు ఆ క్షణాన్ని భవిష్యత్తు కొరకు దాచాడు. క్షణానికి మాత్రం హాజరు కాలేదు. ఆమెకు కావలసినది హాజరైన మనుమడే.

మనం ఎంచే ఆల్బం, మనం ఎంచని గ్రంథం

ఆల్బంలో ఏది ఉండాలో మనం నిర్ణయిస్తాము. కోపంతో ఉన్న ముఖాన్ని తొలగిస్తాము, పండుగ ముఖాన్ని ఉంచుతాము. పదేండ్లకు ఆ ఆల్బం చూసి, మన జీవితమంతా పండుగలతో గడిచిందని మనమే నమ్ముతాము. అయితే గౌరవనీయులైన లేఖకులు మన కర్మలను వ్రాస్తున్నారని ఇన్‌ఫితార్ సూరా, చిన్నదీ పెద్దదీ విడువక నమోదు చేసిన గ్రంథాన్ని చూసి అపరాధులు వణికిపోతారని కహఫ్ సూరా హెచ్చరిస్తున్నాయి. ఆ గ్రంథంలో అంచులు కత్తిరించడం లేదు. చిత్రానికి ముందు ఇంటామెపై అరచిన అరుపు, చిత్రం తర్వాత పనిమనిషికి ఎగవేసిన కూలి కూడా అందులో ఉంటాయి.

ఆరోగ్యము, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో అనేకమంది నష్టపోతున్నారని దైవప్రవక్త (స) తెలియజేశారు. మనిషి మరణించాక అతని కర్మలు ఆగిపోతాయనీ, మూడు మాత్రం కొనసాగుతాయనీ కూడా ప్రబోధించారు: నిరంతర దానం, ప్రయోజనకరమైన జ్ఞానం, తల్లిదండ్రుల కొరకు ప్రార్థించే సత్సంతానం. ఆ జాబితాలో చిత్రం లేదు. కానీ ఆ మూడింటికీ చిత్రం తోడ్పడగలదు. పాత ఫొటో చూసిన కుమారుడు తండ్రి కొరకు దుఆ చేస్తే, ఆ ఫొటో కాగితం తన పని చేసినట్టే. చూసి మురిసి ఊరుకుంటే అది కాగితమే.

కనుక మా విన్నపాలు కొన్నే. ఇంట్లో ఉన్న పాత ఫొటోలను ఒక శుక్రవారం సాయంత్రం పెద్దల ముందు పెట్టి, ఒక్కొక్కదాని వెనుక పేరు, ఊరు, సంవత్సరం వ్రాయించండి. ఆ పేర్లు చెప్పగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. ముంపు గ్రామాల పెద్దలు మీ ఇంట్లో ఉంటే వారి ఊరి సంగతులు వారి నోటనే విని కాగితంపై పెట్టండి. నికాహ్ ఖుత్బా సమయాన, జనాజా వద్ద, రోగి మంచం ప్రక్కన ఫోనును జేబులో ఉంచండి. దూరాన ఉన్న తండ్రికి చిత్రంతో పాటు సమయాన్ని పంపండి. పండుగనాడు ఒక్క చిత్రం తీసుకొని, మిగిలిన పండుగను కలిసి గడపండి.

కాలంపై ప్రమాణం చేసి, విశ్వసించి సత్కార్యాలు చేసేవారు, సత్యాన్నీ సహనాన్నీ పరస్పరం బోధించుకునేవారు తప్ప మానవులంతా నష్టంలో ఉన్నారని అస్ర్ సూరా ప్రకటిస్తున్నది. ఆ నాలుగు పనులలో ఏ ఒక్కటీ నిలిచిపోయిన క్షణంలో చేయగలిగినది కాదు. ప్రతిదానికీ నడిచే కాలం కావాలి. ఆ కాలం మన ఇండ్లలో ఇంకా మిగిలి ఉండగానే దాని విలువను గుర్తించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.